నాగమ్మత్త ముఖం, ఇరవై అయిదు ప్రతులు

కిందటి నెల మా మనవరాలు నన్ను బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక బొమ్మల ప్రదర్శనకు లాక్కుపోయింది. ఈ వయసులో నన్ను ఎవరు ఎక్కడికి తీసుకుపోయినా అది లాక్కుపోవడమే. తెల్ల గోడలు, తెల్ల దీపాలు, వచ్చిన మనుషులందరికీ నల్లబట్టలు. చక్కెర లేని కాఫీ చేతికిచ్చారు. చక్కెర అడిగితే వాళ్ళ కులదైవాన్ని తిట్టినట్టు చూశారు. గోడలకు తగిలించినవన్నీ చేత్తో అచ్చు వేసిన బొమ్మలు. ప్రతి బొమ్మ కిందా పెన్సిలుతో ఇరవైలో మూడోది, పదిహేనులో ఏడోది అని అంకెలు. అన్నే వేస్తారట, ఆ తర్వాత అచ్చును పాడుచేస్తారట, అందుకే వాటికంత విలువట. ప్రదర్శనకు పేరు ‘కలగలిసిన మనసులు’. ఒక ముఖంలో ఏడుపూ నవ్వూ, ఇంకో ముఖంలో కోపమూ జాలీ. ఒక అమ్మాయి మాతోపాటు నడుస్తూ ఏ ముఖంలో ఏమున్నదో చెప్పుకుంటూ వచ్చింది. ఎదుటి మనిషి ముఖం చూసి మనసు తెలుసుకోవడానికి కూడా జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారని నాకు ఆ రోజే తెలిసింది.

చివరి గదిలో పాత బెంగళూరుకని ఒక మూల కేటాయించారు. అక్కడ అద్దం వెనకాల మా నాగమ్మత్త ఉంది. నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. కింద చీటీ మీద ‘ఎదురుచూపు, ఇరవై అయిదులో పదకొండోది, చెక్కినవారు తెలియదు’ అని రాసి ఉంది. ఆ అమ్మాయి మా మనవరాలితో, “చూడండి, ఈ కంట్లో హోప్ ఉంది, ఆ కంట్లో ఫియర్ ఉంది. రెండూ ఒకే ఫేస్‌లో! అసలు ముక్కుపుడక గమనించారా? లెఫ్ట్ సైడ్ ఉంది. ఇక్కడి పాత ఫ్యామిలీస్‌లో రైట్‌కి పెట్టుకునేవాళ్ళు. అంటే ఆర్టిస్ట్ ట్రెడిషన్ మీద రెబెల్ అవుతున్నాడన్నమాట” అంది. మా మనవరాలు నోరు వెళ్ళబెట్టి వింటోంది. తిరుగుబాటూ లేదు, తిరగలి రాయీ లేదు. అది మా నాయన చేసిన తప్పు. ఆ కళ్ళలో ఆశా లేదు, భయమూ లేదు. అక్కడ నిలబడి అదంతా చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది. కుర్చీ ఉందా అని అడిగి కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఇది రాస్తున్నాను.

పాత బెంగళూరు కబ్బన్‌పేటలో మా ఇల్లు. మా నాయన చీరల మీద అద్దకం వేసే చెక్క అచ్చులు చెక్కేవాడు. టేకు ముక్కను నున్నగా చిత్రిక పట్టి, దాని మీద లత గీసి, లత కానిదంతా ఉలితో లేపేసేవాడు. మామిడి పిందెలు, గుర్రపు డెక్కలంత పూలు, నెమళ్ళు. చెక్కడం అయిపోయిన అచ్చులను నువ్వుల నూనెలో నానబెట్టేవారు, చీలిపోకుండా. ఆ నూనె వాసన, టేకు పొడి వాసన, వంటింట్లోంచి వచ్చే ఉలవల చారు వాసన, మూడూ కలిసి మా ఇంటి వాసన. నాయన ఉలి ఆడించి ఉఫ్ మని ఊదితే ఆ పొడి నేరుగా వంటింటి గుమ్మం దాటేది. రోజూ మధ్యాహ్నం సంగటి ముద్దలో ఒక చెక్క పేడు తగలడం, అమ్మ గొణగడం, నాయన వినబడనట్టు నమలడం మామూలు. పని చేసేటప్పుడు ఆయనను ఎవరూ పలకరించకూడదు. అగ్గిపడినా అరవకూడదు, వచ్చి భుజం తట్టాలి. ఆ భుజం తట్టే అధికారం ఇంట్లో ఎవరికీ లేదు. ఇంట్లో ఆడవాళ్ళమంతా పిల్లుల్లా నడిచేవాళ్ళం. ఇంత భయభక్తులు సంపాదించడానికి ఆయన చేసిందల్లా లతలు చెక్కడమే.

నాగమ్మత్త మా నాయనకు చెల్లెలు. ఆమె భర్త లారీ తోలేవాడు. యుద్ధం వచ్చినప్పుడు పట్టాళంలో చేరి ఓడెక్కి పోయాడు. మొదట్లో రెండు మూడు జాబులు రాయించాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఏమీ లేదు. అత్త మా ఇంట్లోనే ఉండేది. రోజూ పొద్దున స్నానం చేసి అద్దం ముందు బొట్టు దిద్దుకునేది, పెద్ద బొట్టు, వీధి చివరినుంచి కనబడేంత. పదకొండు గంటలకు పోస్టాయన వచ్చే వేళకు చేట తీసుకుని అరుగు మీద కూర్చుని రేషను బియ్యంలో రాళ్ళు ఏరేది. ఆ బియ్యంలో రాళ్ళకు కొదవ లేదు కాబట్టి ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఎందుకని అడగలేదు. పోస్టాయన తల అడ్డంగా ఊపి దాటిపోయేవాడు. యుద్ధం అయిపోయింది. వీధిలో ఇద్దరు తిరిగొచ్చారు. ఒకాయన కాలు లేకుండా వచ్చాడు, అయినా వాళ్ళింట్లో బొబ్బట్లు, మా వైపు మాటలో హోళిగలు, చేసి పంచారు. అత్త ఆ హోళిగ తిని, చేయి కడుక్కుని, మళ్ళీ చేట తీసుకుంది.

అట్లాంటి రోజుల్లో కోటు రావుగారు మా ఇంటికి వచ్చాడు. అది మేం పెట్టిన పేరు. ఎండాకాలంలోనూ కోటు విప్పడు. ఏదో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయి బసవనగుడిలో బంగళా కట్టుకున్నాడు. తోచక కళలను ఉద్ధరించాలని కంకణం కట్టుకున్నాడు. ఎక్కడి దేశాలవో చెక్క అచ్చు బొమ్మలున్న పుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని తిరిగేవాడు. జట్కా దిగి, మా అరుగు చూసి ముక్కు చిట్లించాడు. ఎదురింటివాళ్ళ కుర్చీ తెచ్చి వేస్తే దాన్ని చేతిగుడ్డతో తుడుచుకుని కూర్చున్నాడు. ఒక స్త్రీ ముఖం కావాలట, అందులో రెండు భావాలు కలిసి ఉండాలట, ఇరవై అయిదు కాగితాల మీదే అచ్చు వేయాలట, ఆ తర్వాత ఆ అచ్చు పనికిరాకుండా చేయాలట. అవి తన స్నేహితులకు తానే ఇస్తాడట. మాట్లాడుతూ మాట్లాడుతూ అరుగు చివర చేటతో కూర్చున్న అత్తను చూశాడు. “ఆ అమ్మాయి ఎవరు?” అన్నాడు. నాయన సంగతంతా చెప్పాడు. రావుగారు చేతులు రుద్దుకున్నాడు. ఇంకొకరి ఇంటి దుఃఖం విని ఒక మనిషి అంత సంతోషపడటం నేను మళ్ళీ చూడలేదు. “ఇదే నాయనా, ఇదే ముఖం. ఆశా భయమూ పక్కపక్కన. నువ్వు ఎక్కడికీ వెతుక్కుంటూ పోనక్కర్లేదు” అన్నాడు.

నాయన అత్తను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెక్కడం మొదలుపెట్టాడు. లతలకు కుడీ ఎడమా లేదు, ఎటు తిరిగినా లతే. అగరొత్తి పెట్టెల మీద అక్షరాలు చెక్కాలంటే కాగితం బోర్లా అతికించి చెక్కేవాడు. ఈ ముఖానికి మాత్రం ఎదుట మనిషిని పెట్టుకుని చూసింది చూసినట్టు చెక్కపైకి ఎక్కించాడు. నమూనాకు కాగితం మీద అచ్చు వేసి చూసేసరికి కుడివైపున్న అత్త ముక్కుపుడక ఎడమ పక్కకు దూకింది. అమ్మ అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రావుగారు ఏమీ గమనించలేదు. కళ గురించి అంత మాట్లాడేవాడు మా అత్త ముక్కు ఏ వైపు కుట్టించుకుందో చూడలేదు. అందుకని నాయన కూడా దిద్దలేదు.

అసలు చిక్కు కళ్ళ దగ్గర వచ్చింది. ఎన్నిసార్లు చెక్కినా అత్త ఏడ్చినట్టుగానో నిద్రపోతున్నట్టుగానో వచ్చేది. నాలుగు చెక్కలు అటక ఎక్కాయి. రావుగారు వారానికోసారి వచ్చి, చూసి, పెదవి విరిచేవాడు. ఒకరోజు మా అందరి ముందూ, “లతలు చెక్కే చెయ్యి నాయనా నీది. మనసు చెక్కడం వేరు. మద్రాసులో ఎవరినైనా చూసుకుంటాలే” అన్నాడు. నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంట్లో ఆడవాళ్ళందరినీ పిల్లుల్లా నడిపించిన మనిషి కోటు వేసుకున్న ఒక ముసలివాడి పెదవి విరుపుకు అంత కుంగిపోతాడని నేను అనుకోలేదు. నాకు అప్పుడు పదమూడో ఏడు. ఆయన మీద ఉన్న భయం నాకు ఆ పూటే కొంత తగ్గింది.

ఆ మరునాడో మూడోనాడో పట్టాళం కచేరీ నుంచి కాగితం వచ్చింది. బడికి సెలవు, నేను ఇంట్లో ఉన్నాను. అత్త రేషను అంగడికి పోయి వరుసలో నిలబడి ఉంది. ఆ ఒక్కరోజే ఆమె అరుగు మీద లేదు. పోస్టాయన నాయన చేతికి ఇచ్చి పోయాడు. ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. నాయన నన్ను పెరట్లోకి పిలిచాడు. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చిందాన్ని నేనొక్కతెనే. అంతవరకూ నా చదువును నాయన ఎగతాళి చేసేవాడు, అందుకని గొంతు సవరించుకుని ఎక్కడా ఆగకుండా గడగడా చదివేశాను, క్లాసులో పాఠం ఒప్పజెప్పినట్టు. ఆ తర్వాత తెలుగులో చెప్పాను. మామ బర్మాలో పోయాడు. పోయి అప్పటికే ఏడాదిన్నర. కనబడకుండా పోయినవాళ్ళ లెక్కలో ఉన్నవాణ్ణి ఇప్పుడు పోయినవాళ్ళ లెక్కలోకి మార్చారు.

“పోయినాడనే రాసుండాదా, కనబళ్ళేదని రాసుండాదా? సరిగ్గా చూడు.”

“పోయినాడనే ఉండాది నాయనా.”

నాయన కాగితం మడిచాడు. తర్వాత అన్నాడు, “ఇప్పుడే చెప్పొద్దు పాపా. ఆ కళ్ళు ఒగటి అయిపోనీ, ఒక ఆరు దినాలు. చెప్తే ఆ ముఖం మళ్ళా రాదు.” వెంటనే ఆయనే మళ్ళీ, “ఆయప్ప పోయి ఏడాదిన్నర అయిపోయె. ఆరు దినాల్లో ఇంకా పోయేదేముండాది?” అన్నాడు. కాగితాన్ని ఉలుల పెట్టె అడుగున పెట్టాడు. నేను సరేనన్నాను. భయపడి సరేనన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఇంటి పెద్ద నన్నొక్కదాన్నే నమ్మి ఒక రహస్యం చెప్పాడని నాకు గర్వంగా ఉండింది. నన్ను తలుచుకుంటే నాకు చీదరగా ఉండేది అందుకే.

ఆ మధ్యాహ్నం అత్త ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది. నాయన ఉలి తీసుకుని తలెత్తి చూశాడు. చూస్తూ అట్లాగే ఉండిపోయాడు. “ఆఁ, ఇట్లే ఉండు నాగూ. కదలొద్దు. ఇన్ని దినాలు యాడికి పోయుండె ఈ చూపు!” అన్నాడు. అంతవరకూ అత్త కూర్చున్నంతసేపూ వీధి వైపు చూసేది. ఆ రోజు నుంచి సూటిగా నాయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది. ఆరు రోజులు నాయనకు ఆకలి లేదు, దాహం లేదు. ఉలి చిన్నబిడ్డకు గోళ్ళు తీసినంత మెల్లగా నడిచింది. కనురెప్ప కింద వెంట్రుకంత గీత, పెదవి చివర నలక అంత గుంట. అంత మంచి పని ఆయన జన్మలో చేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అమ్మ కూడా గుమ్మంలో నిలబడి చూసి, “అచ్చం నాగమ్మే ఉండాది” అంది. నేను రోజూ అత్త బొట్టు దిద్దుకునేటప్పుడు అక్కడ లేకుండా తప్పుకునేదాన్ని. సాయంత్రం అత్త పెట్టిన సంగటి తినేదాన్ని. రుచిగానే ఉండేది.

ఆరోనాడు దీపాలు పెట్టే వేళకు ముఖం ముగిసింది. నాయన ఉలులన్నీ తుడిచి పెట్టుకుని, చేతులు కడుక్కుని వచ్చి అత్త ముందు కూర్చున్నాడు. అమ్మా నేనూ వంటింటి గుమ్మంలో ఉన్నాం.

“నాగూ, ఒక మాట చెప్పల్ల...”

“ఆ కాయితం సంగతేనా అన్నా?”

నాయన ఉలుల పెట్టె వైపు చూశాడు.

“పోస్టాయప్ప ఆ దినమే అంగడికాడ చెప్పినాడు, సర్కారు కాయితం వచ్చింది, మీ అన్న చేతికిచ్చినానక్కా అని. నేను పరిగెత్తుకోని వచ్చినా. మంచి మాటైతే నువ్వు పేటంతా చాటుకోని వచ్చుందువు. నువ్వు ఉలి పట్టుకోని కూచోనుండావు. అప్పుడే తెలిసిపోయె నాకు.”

“నీ బొట్టు ఇంగో నాలుగు దినాలు ఉండనీ అని దాచినానమ్మా...”

“ఆరు దినాలు. నా బొట్టు కోసరమైతే ఉలి కింద పెట్టి దాచుండాల్సింది.” అత్త గొంతు పెంచలేదు. “ఎన్ని దినాలు నా ముందర కూచోని చెక్కుతావో చూద్దామని కూచున్నా. చూసినా. పాపం, బాగా చెక్కినావు.”

ఆ ‘పాపం’ వెటకారం కాదు. అందుకే నాయన దాన్ని తట్టుకోలేకపోయాడు. అచ్చు వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు, మళ్ళీ అచ్చు వైపు చూశాడు. తాను చెక్కింది ఏమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది. అది భర్త కోసం ఎదురు చూసే ముఖం కాదు. తోడబుట్టినవాడి నీచత్వాన్ని రోజుకొకింత చూస్తూ కూర్చున్న మనిషి ముఖం. అసహ్యం ఉంది, ఆ అసహ్యం కిందే వాడి మీద జాలి ఉంది. రెండు భావాలు కలవాలని రావుగారు అడిగాడు, కలిశాయి. అత్త లేచి పెరట్లోకి పోయి ముఖం కడుక్కుని వచ్చింది. మర్నాడు వీధి ఆడవాళ్ళు వచ్చి గాజులు తీయించి చేయవలసినవన్నీ చేసి ఏడ్చిపోయారు. వాళ్ళకు ఏమీ తెలియదు కాబట్టి బాగానే ఏడ్చారు.

పదకొండు రోజులు గడిచాక నాయన ఆ అచ్చును కాల్చేస్తాడనుకున్నాను. కనీసం మూల పడేస్తాడనుకున్నాను. మా నాయన అంతటివాడేం కాదు. దీపపు మసిలో నూనె, జిగురు కలిపి నల్లరంగు నూరాడు, గుడ్డ మెత్తతో అచ్చుకు అద్దాడు, తడి కాగితం పరిచి అరచేత్తో రుద్ది ఒక్కొక్కటీ లేపాడు. ఇరవై అయిదు అత్తలు దండెం మీద ఆరారు. అత్త వాటి కిందుగా తల వంచుకుని వంటింట్లోకి వెళ్ళి వచ్చేది. రావుగారు వచ్చి కళ్ళజోడు మార్చి మార్చి చూశాడు. “భేష్! ఈ కంట్లో ఆశ, ఈ కంట్లో భయం. నేను చెప్పలేదూ?” అన్నాడు. దానికి ‘ఎదురుచూపు’ అని ఆయనే పేరు పెట్టాడు. తలకు ముసుగేసుకుని గుమ్మంలో నిలబడ్డ అత్తను ఆయన గుర్తుపట్టలేదు. ఎవరో పనిమనిషి అనుకుని మంచినీళ్ళు అడిగాడు. అత్త తెచ్చి ఇచ్చింది.

ఇక అచ్చు మీద అడ్డంగా గాటు పెట్టమన్నాడు రావుగారు. మా వాళ్ళు అరిగిపోయిన అచ్చునైనా పారేయరు, ఆయుధపూజ నాడు పసుపూ కుంకుమా పెట్టి అటక మీద దాస్తారు. ముఖమున్న అచ్చు మీద ఉలి వేయడం మహాపాపం. నాయన ఉలిని అచ్చు మీద ఆనించి, మళ్ళీ తీసేశాడు. “నా చేత కాదు స్వామీ, ముఖం అది” అని ఉలి కింద పెట్టేశాడు, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. చెక్క ముఖం మీద గీత పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు. ఆ నీళ్ళు చూసి నాకు పుట్టిన రోత ఇన్నేళ్ళయినా పోలేదు. చివరికి రావుగారే కోటు చేతులు మడిచి గాటు పెట్టబోయి బొటనవేలు కోసుకున్నాడు. రక్తం చూసుకుని కేకలు పెట్టాడు. ఆ అచ్చు అట్లా పాడయింది. నాయన మళ్ళీ లతలకు మళ్ళాడు. మద్రాసు నుంచి ఎవరూ ఆయన కోసం రాలేదు, కబ్బన్‌పేట దాటి ఆయన పేరు ఎవరికీ తెలియలేదు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పిల్లలను నేను ఎగతాళి చేశాను గానీ, వాళ్ళు తమ ముఖాలే పెట్టుకున్నారు. తమ దిగులు తామే చెక్కుకుని, తామే అంకె వేసుకుని, చక్కెర లేని కాఫీ తాగుతున్నారు. మాకు మనసులు కలగలపడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. పాతకాలం వాళ్ళకు విలువలుండేవని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మా ఇంట్లో ఉలికి ఉన్న మర్యాద మనిషికి లేదు.

రావుగారు బొమ్మలు పట్టుకుపోయిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం అత్త నన్ను పిలిచింది. అరుగు మీద కూర్చోవడం అప్పటికే మానేసింది, పెరటి మెట్టు మీద ఉంది. ఆ కాగితం ఆమె చేతిలో ఉంది. అందులో ఏముందో అందరూ ఆమెకు చెప్పారు గానీ ఎవరూ చదివి వినిపించలేదు.

“చదువు పాపా. వాళ్ళు రాసింది రాసినట్టే చదువు. నాకు అర్థం కాకున్నా సరే.”

చదివాను. నాలుగు వాక్యాలు. మామ పేరు దగ్గర ఆగాను, ఊరి పేరు దగ్గర ఆగాను, చింతిస్తున్నాం అన్నచోట ఆగి మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను. అయిపోయాక అత్త కాగితం తీసుకుని మడత మీద మడత పెట్టింది.

“మీ నాయనకు చదివిన దినం గూడా ఇన్ని తూర్లు ఆగినావా?”

ఒక్క అబద్ధం చాలు, ఆమె నమ్మేది. అది చెప్పలేకపోయాను. “లేదత్తా. గడగడా చదివేసినా” అన్నాను.

అత్త సరేనన్నట్టు తల ఊపింది. ఆ తర్వాత ఆమె నలభై ఏళ్ళు బతికింది. నాతో బాగానే ఉండేది, నా పెళ్ళికి పూలు కట్టింది, నా పిల్లలకు నీళ్ళు పోసింది. పట్టాళం వాళ్ళ దగ్గర్నుంచి పింఛను కాగితం ఏది వచ్చినా మాత్రం, నేను ఇంట్లో ఉండగానే, చెప్పులేసుకుని పక్కవీధి దాకా నడిచిపోయి పరాయివాళ్ళ చేత చదివించుకుని వచ్చేది.